అనుభవదారు

మొన్న ఆదివారం గుడిలో ఆరాధన చివర పాస్టరుగారు ప్రార్థన మనవులు చదువుతున్నారు. ఎవరికో ఆపరేషను, ఎవరి పిల్లకో పరీక్షలు. వాటి మధ్యలో ఒక పేరు చదివి, "ప్రభువునందు నిద్రించిన ఈ సహోదరి కుటుంబానికి ఆదరణ కలిగేలా" ప్రార్థించమన్నారు. అందరితో పాటు నేనూ తల వంచాను. ఆ పేరు ఎవరిదో కాసేపటిదాకా తట్టలేదు. తట్టాక తల ఎత్తలేకపోయాను.

మా పేటలో ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ దొడ్డమ్మే. ముసలితనంలో రాజోలు దగ్గర కూతురింటికి వెళ్ళిపోయిందని విన్నాను గాని, ఇంకా బతికే ఉందన్న సంగతి కూడా నాకు సరిగా తెలియదు. తెలుసుకోవడానికి నేను ప్రయత్నించలేదు, అదీ అసలు మాట. ఆవిడ పేరు ఇక్కడ కూడా రాయను. ఉద్యోగంలో ఉండగా దాన్ని ఒక్కసారే రాశాను. రాయకుండా ఉండాల్సింది.

మాది ఉప్పలగుప్తం అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. అక్కడి చేలకి పైనుంచి గోదావరి కాలవ నీరు వస్తుంది, కిందనుంచి మురుక్కాలవలోకి సముద్రపు పోటు ఎగదన్నుతుంది. ఈ రెండింటి మధ్యా వరి పండించుకోవాలి. మా పేటవాళ్ళంతా కూలికి వెళ్ళే రోజుల్లోనే దొడ్డమ్మ కౌలు చేసేది. భర్త చేస్తున్న ఎకరంన్నర చేను ఆయన పోయిన వారానికే తను అందుకుంది. ఆడమనిషి కౌలేమిటని ఊళ్ళో నవ్వారట. చేను అమలాపురంలో కాపురముండే ఒక ఆసామిది. కౌలు కింద కొలవాల్సిన మక్తా బస్తాలు ఏ ఏడూ తప్పకుండా ఆయన గుమ్మానికి చేరేవి కాబట్టి, ఆయన మాత్రం నవ్వలేదు.

గట్టు మీద అడుగు చూసుకోకుండా గబగబా నడిచేది. నడుస్తున్నది కాస్తా ఠక్కున ఆగి, గొంతుక్కూచుని, ఉంగరపు వేలు నీళ్ళలో ముంచి నాలిక్కి రాసుకునేది. కాసేపు ఎటో చూసేది. పక్కకి ఉమ్మేసి తీర్పు చెప్పేది. ఆవిడ లెక్కలో చేలో నీళ్ళు మూడు రకాలు. తీపి, రుచి, ఉప్పు. తీపికీ ఉప్పుకీ మధ్యన ఉండేది రుచి. అన్నిటికంటే దానికే భయపడాలనేది.

"ఉప్పయితే ఎదురుగుండా వస్తదండీ, తెలిసిపోద్ది. రుచి అలాక్కాదు. చుట్టంలాగ వస్తది."

గుడిలో ఆడవాళ్ళ చాప మీద ముందు వరసలో కూచునేది. పైకే ప్రార్థించేది. అందరూ ఆత్మల రక్షణ గురించి ప్రార్థిస్తుంటే, "ప్రభువా, పున్నమి పోటుకి తలుపులు బిగించేలాగ ఆ లాకు లస్కరుకి బుద్ధి పుట్టించు" అనేది ఆవిడ. లస్కరంటే లాకు తలుపులు ఎత్తి దించే మనిషి. వెనక కుర్రాళ్ళు నోళ్ళు మూసుకుని నవ్వేవారు. అప్పట్లో నేనూ నవ్వాను.

ఇంకో అలవాటు. మనం ఏం చెప్పినా, చివరి మాటని ఒకసారి తను అని, అప్పుడు జవాబిచ్చేది. "రేపొస్తాను దొడ్డమ్మా" అంటే, "రేపు" అని ఆగేది. ఆ మాట బరువెంతో చూస్తున్నట్టుండేది. తర్వాత, "రేపయితే ఇంకా మంచిది" అనేది.

నా చిన్నప్పటినుంచీ నన్ను "ఒరేయ్ అబ్బాయ్" అనే పిలిచేది. కరణాలూ మునసబులూ పోయిన కొత్తలో నన్ను గ్రామ సహాయకుడిగా తీసుకున్నారు. ఉద్యోగపు కాయితం అందిన మర్నాడు వీధిలో ఎదురైంది. కొంగు భుజమ్మీదికి లాక్కుని, "మీరు కచేరీలో మనిషంట కదా బాబూ. దేవుడు మేలు చేసేడండీ" అంది. నాకు సిగ్గేసింది. "నన్ను మీరు అనకు దొడ్డమ్మా" అన్నాను. "అనకు" అంది. "అనకపోతే ఎలాగండీ. రేపు నలుగుర్లోనూ మర్యాదుండొద్దూ." ఆ రోజు తర్వాత మళ్ళీ ఎప్పుడూ నన్ను ఒరేయ్ అనలేదు.

ఆ ఉద్యోగం వెనక ఇంకో మనిషి మాట సాయం ఉంది. మా నాన్న ఆ అమలాపురం ఆసామి దగ్గరే పాలేరుగా చేశాడు. నా చదువుకి ఆయన రెండుసార్లు ఫీజు కట్టారు. తెలిసిన అధికారికి ఒక ఉత్తరమ్ముక్క రాసిచ్చారు. ఈ సంగతి మా పేటలో అందరికీ తెలుసు. దొడ్డమ్మకీ తెలుసు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడో మూడో ఏడో, క్రిస్మస్ ఇంకో నెల ఉందనగా తుపాను వచ్చింది. కంకి బరువెక్కి కోతకి సిద్ధంగా ఉన్న చేలు. గాలి ఒక పూట తిరిగింది. దాని వెనక మురుక్కాలవ గట్టు తెంచుకుని సముద్రం లోపలికొచ్చింది. మూడో రోజున నీరు తీస్తే చూశాం. గట్ల ఆనవాలు లేదు. సర్వే రాళ్ళు బురద కింద పోయాయి. పడిపోయిన వరి మీద తెల్లటి పొర కట్టింది.

పంట పోయిన రైతులకి ఎకరానికి ఇంతని ప్రభుత్వం సాయం ప్రకటించింది. ఎవరి చేను ఎంత పోయిందో వారం రోజుల్లో రాసివ్వమని రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగారు నన్ను ఊళ్ళోకి తోలారు. నా చేతిలో అడంగల్ పుస్తకం ఉంది. ఏ చేను ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో, ఏ పంట వేశారో ఏటా రాసే పుస్తకం అది. పుస్తకమైతే ఉంది గాని, ఎదురుగా ఉన్నదంతా ఒకటే బురద. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక కాలవ గట్టు మీద నిలబడి ఉంటే దొడ్డమ్మ వచ్చింది.

"పదండి, నేను చూపిస్తాను."

మూడు రోజులు నాకు ముందు నడిచింది. బురదలో కాలు దింపి, "ఇదిగోనండి, ఇక్కడిదాకా ఫలానా వాళ్ళది, ఇక్కణ్ణుంచి అన్నదమ్ముల వాటా, పెద్దాయనది పల్లపు ముక్క" అని చెప్పుకుపోయేది. నేను టేపు పట్టి చూస్తే ఆవిడ చెప్పినదానికి జానెడు తేడా వచ్చేది కాదు. ఊళ్ళో లేని వాళ్ళ చేలు కూడా మరిచిపోనివ్వలేదు. తనంటే గిట్టక, నీళ్ళ తగువుల్లో తనని నానా మాటలూ అన్న ఒక రైతు చేను దగ్గర నేను పావు ఎకరం తక్కువ రాయబోతే ఆపింది. "అతగాడి నోరు చెడ్డది గాని చేను నిజం బాబూ. పూర్తిగా రాయండి." ప్రతి చేలోనూ వేలు ముంచి నాలిక్కి రాసుకుంటూనే ఉంది. ఆ మూడు రోజులూ ఆవిడ నోట తీపి అన్న మాట రాలేదు.

చివరికి తను చేసే చేను దగ్గరికి వచ్చాం. సాయంత్రం ఎండ పడుతోంది. అడంగల్లో రెండు గడులుంటాయి. ఒకటి పట్టాదారు, అంటే చేను ఎవరి పేర ఉందో వాళ్ళు. రెండోది అనుభవదారు. సాగు చేసేది ఎవరో వాళ్ళు. పాత కరణంగారి రోజులనుంచీ మా ఊళ్ళో ఆ రెండు గడుల్లోనూ ఒకటే పేరు పడుతూ వచ్చింది. కాని విచారించి సాగు చేసేవాళ్ళ పేరు రాస్తే సాయం వాళ్ళకే అందుతుంది. ఇన్‌స్పెక్టరుగారు ఆ మాట చెప్పారు. "రాయొచ్చు. గొడవలు మాత్రం నా దాకా తేకు" అని కూడా చెప్పారు.

నేను కలం పట్టుకుని ఆ రెండో గడి దగ్గర ఆగాను. ఆవిడ చూసింది.

"ఏంటండీ అది?"

"అనుభవదారు అని. చేను ఎవరు అనుభవిస్తున్నారో వాళ్ళ పేరు."

"అనుభవిస్తన్నారో" అంది ఆవిడ. పెదవి చివర నవ్వు లాంటిది వచ్చింది. కింద పడి ఉన్న వరిని చూసింది. "ఇదంతా అనుభవించింది ఎవరండీ మరి?"

ఆవిడ వెంటనే సర్దుకుంది.

"ఊరికే అన్నానండీ. ఆసామిగారి పేరే రాసెయ్యండి. పొద్దుపోతంది, పదండి."

రాసేశాను. ఆవిడ భయపడి అలా అందని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు వీలుగా ఉంది. ఆవిడ అనకపోయినా నేను ఆ పేరే రాసేవాణ్ణని లోపల నాకు తెలుసు.

పంపకం మా ఊరి బళ్ళో జరిగింది. వరండాలో బల్ల వేసుకుని ఇన్‌స్పెక్టరుగారు కూచున్నారు. నేను పేర్లు పిలిచేవాణ్ణి. సాయం తీసుకునే మనిషి ఫలానా అని గుర్తుపట్టి చెప్పే సాక్షి ఒకరు ఉండాలి, పట్టీలో ఆ సాక్షి కూడా వేలిముద్ర వెయ్యాలి. మర్యాదస్తులెవరూ పొద్దుటినుంచి సాయంత్రం దాకా అక్కడ నించోలేమన్నారు. ఊళ్ళో అందర్నీ ఎరిగిన మనిషి ఎవరయ్యా అని ఇన్‌స్పెక్టరుగారు అడిగితే, నేనే దొడ్డమ్మని చూపించాను.

ఆ రోజంతా బల్ల పక్కన నిలబడింది. ఒక్కొక్కళ్ళూ రావడం, "ఆయ్, ఈయన ఫలానా ఆయనేనండీ, నేను ఎరుగుదును" అని ఆవిడ చెప్పడం, బొటనవేలు అద్దడం. పనిలో అరిగిపోయిన వేలు. గీతలు సరిగా పడక ఇన్‌స్పెక్టరుగారు రెండుమూడుసార్లు విసుక్కున్నారు. మధ్యాహ్నానికి బొటనవేలు కణుపు దాకా నల్లబడింది. దణ్ణాలు పెట్టి డబ్బు తీసుకుని వెళ్ళే వాళ్ళలో ఒక్కరు కూడా, "నీ సంగతేంటి దొడ్డమ్మా" అని అడగలేదు.

పట్టీ చివరికొచ్చేసరికి ఆసామి పేరు వచ్చింది. ఆయన రాలేదు. ఆయన తమ్ముడు ఉత్తరం పట్టుకుని వచ్చాడు.

"ఈయన్ని గుర్తించేదెవరు?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

వరండాలో ఇంకా పదిమంది ఉన్నారు. వాళ్ళలో ఎవరినయినా పిలవచ్చు. పొద్దుటినుంచీ చేస్తున్న పని చేతికి అలవాటైపోయింది. నేను ఇంకు పెట్టెని దొడ్డమ్మ వైపు జరిపాను. జరిపాకగాని ఏం చేశానో నాకు తెలియలేదు.

ఆవిడ నన్ను చూసింది. రెప్పపాటు. కోపం లేదు అందులో. ఏముందో ఇప్పటికీ చెప్పలేను.

"ఆయ్. ఈయన మా ఆసామిగారి తమ్ముడుగారేనండీ. నేను ఎరుగుదును" అంది.

వేలికి కొత్తగా ఇంకు అక్కర్లేకపోయింది.

ఆ ఏడాది దొడ్డమ్మ ఏం తిని బతికిందో నాకు తెలియదు. పాడిగేదెని అమ్మి మక్తా కట్టిందని మాత్రం తెలుసు. కాలవ వదిలిన రోజునుంచీ చేలో నీళ్ళు నింపడం, రెండ్రోజులు నిలవబెట్టడం, తీసెయ్యడం, మళ్ళీ నింపడం. ఉప్పు కడుగుతోంది. పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లి, పూతకొచ్చాక దున్నేసింది. వ్యవసాయ శాఖ నుంచి ఒకాయన వచ్చి సీసాలో మట్టి పట్టుకెళ్ళాడు. ఆ జవాబు వచ్చేసరికి ఆవిడ నాట్లు వేసేసింది. రెండో ఏడు చేను తిరిగింది. కాలవ గట్టు మీద సైకిలు ఆపి పలకరిస్తే, "ఉప్పు పోయి తియ్యబడిందండీ" అని నవ్వింది. ముందు పన్ను ఒకటి ఊడిపోయి ఉంది.

ఆ నవ్వు చూశాక ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయాను. ఆ సంవత్సరం అడంగల్ రాసేటప్పుడు, ఆ సర్వే నంబరు దగ్గర, అనుభవదారు గడిలో ఆవిడ పేరు రాశాను. ఇంటిపేరుతో సహా, మంచి కలంతో, కుదురుగా. రాశాక కాసేపు దాన్ని చూస్తూ కూచున్నాను. చెయ్యాల్సిన పని చేశాననిపించింది. ఆవిడకి చెప్పలేదు. క్రిస్మస్ రోజున గుడి దగ్గర చెబుదాం, సంతోషిస్తుంది అనుకున్నాను.

క్రిస్మస్ ఇంకా రాకుండానే ఆసామి అమలాపురం రమ్మని కబురు పెట్టారు. రొయ్యల చెరువులు అప్పుడప్పుడే మా వైపు మొదలవుతున్నాయి. ఆయన బ్యాంకు అప్పు కోసం అడంగల్ నకలు అడిగారట. నేను ట్రైనింగుకి కాకినాడ వెళ్ళిన వారం అది. పక్కూరి సహాయకుడు ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాడు. ఆ కాయితం బల్ల మీద పెట్టి ఉంది.

ఆయన కేకలేసే మనిషి కాదు. నాకు కాఫీ ఇప్పించారు.

"పొద్దున్న ఆవిడని పిలిపించాను. 'నేను రాయించలేదండీ' అని గుమ్మం పట్టుకుని నించుంది. ఎవరు రాశారమ్మా అంటే తెలీదంది. ఊళ్ళో పుస్తకం ఎవరి దగ్గరుంటుందో నాకు తెలీదా ఏంటి? నువ్వు చెప్పు. ఏంటిది?"

ఆవిడ నా పేరు చెప్పలేదు. ఆ మాట విన్నాక కూడా నా నోట్లోంచి వచ్చింది ఇదే.

"పొరపాటున పడిందండి."

"పొరపాటే అనుకున్నాను" అన్నారాయన. "మీ నాన్న నమ్మకస్తుడు. సరిచేసెయ్యి."

లేచి నిలబడి అడిగాను, "మరి దొడ్డమ్మ సంగతేంటండీ?"

"ఇవాళ పొరపాటు. రేపు అదే హక్కవుతుంది. ఈ పంట కోసుకోమను. అంతటితో సరి."

మర్నాడు ఎర్రసిరాతో ఆ పేరు మీద గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. ఆవిడ ఆ పంట కోసి, మక్తా కొలిచి, చేను వదిలేసింది. కొడవలి చూరులో దోపేసి ఊరుకుందని మా అమ్మ చెప్పింది. నేను ఆ వీధిన వెళ్ళడం మానేశాను. గుడిలో వెనక వరసలో కూచునేవాణ్ణి. ఆవిడ ప్రార్థించడం మాత్రం మానలేదు. అయితే లాకుల గురించి, లస్కరు గురించి మళ్ళీ ఎత్తలేదు. మిగతా అందరిలాగే ఆత్మల గురించే అడిగేది. అది విని కుర్రాళ్ళు నవ్వలేదు.

ఎండాకాలంలో ఆ చేలో రొయ్యల చెరువు తవ్వడం మొదలుపెట్టారు. సాగుభూమి చెరువుగా మారుతోందని పుస్తకంలో ఎక్కించాలి కాబట్టి వెళ్ళక తప్పలేదు. పొద్దున్నే వెళ్ళాను. మగవాళ్ళు పారలతో తవ్వి తట్టలు నింపుతున్నారు. ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకుని గట్టు మీదికి మోస్తున్నారు. ఆ వరసలో దొడ్డమ్మ ఉంది. తలకి చుట్టగుడ్డ పెట్టుకుని, నడుముకి కొంగు బిగించి, తన చేను తనే మోస్తోంది.

నన్ను చూసి తట్ట కింద పెట్టి వచ్చింది.

"బాగున్నారా బాబూ? అమ్మకి దగ్గు తగ్గిందా అండీ?"

తగ్గిందన్నాను. ఇంకేం దాచుకోలేకపోయాను. "దొడ్డమ్మా, ఆ పేరు రాసింది నేనే. మంచే జరుగుద్దనుకున్నాను."

"అనుకున్నారు" అంది ఆవిడ. "మంచే అనుకున్నారండీ. నాకు తెలదా. నన్ను ఒక మాట అడగలేదు, అంతేగదా."

"అడిగితే ఏమనేదానివి?"

"వద్దనేదాన్ని." నా ముఖంలోకి చూసింది. "ఆరోజు బడికాడ వేలిముద్ర ఎందుకేసేననుకున్నారండీ? సాయం డబ్బులు ఒక ఏడు తింటాం. చేను ఏటా తింటాం. నేను నోరెత్తితే ఆ రోజే పోయేది. అందుకని కదా ఆసామిగారి పేరే రాయమన్నాను. మీకు తెలుసనుకున్నాను బాబూ."

ఇన్నాళ్ళూ దాన్ని భయం అనుకున్నాను. ఓర్పు అనుకున్నాను. ఆ బురదలో నిలబడి, కింద పడ్డ పంటని చూస్తూ, ఆవిడ ఒక రైతు వెయ్యాల్సిన లెక్క వేసింది. దాన్ని నేను జాలిపడి చెడగొట్టాను.

మేస్త్రీ గట్టు మీదనుంచి కేకేశాడు. దొడ్డమ్మ గబగబా తట్ట దగ్గరికి వెళ్ళింది. నిండిన తట్ట ఒక్క మనిషి ఎత్తుకోలేదు, ఇంకొకళ్ళు చెయ్యి వెయ్యాలి. చుట్టూ చూసింది. దగ్గర్లో ఎవరూ లేరు.

"కాస్త తట్ట ఎత్తండి బాబూ" అంది.

పుస్తకం గట్టు మీద పెట్టి, చెప్పులు విప్పి దిగాను. రెండు చేతులా పట్టి ఎత్తి ఆవిడ నెత్తిన పెట్టాను. ఆవిడ మెడ ఒకసారి బిగిసి నిలబడింది. అడుగు చూసుకోకుండా గట్టెక్కి వెళ్ళిపోయింది. వెనక ఇంకో ఆడమనిషి వచ్చి నా ముందు నిలబడింది. ఆమెకీ ఎత్తాను. తర్వాత ఇంకొకామెకి. పొద్దెక్కిందాకా అక్కడే ఉండిపోయాను. దొడ్డమ్మ ఆ వరసలో తిరిగి తిరిగి నా ముందుకి పద్నాలుగు సార్లు వచ్చింది. ప్రతిసారీ తల కొంచెం వంచేది.